స్కోరు రాసేవాళ్ళ పని

మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో సంక్రాంతికి, తిరునాళ్ళకి ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు గదా. జనమంతా ఒంగోలు గిత్తల వైపు చూస్తుంటే ఒకాయన మాత్రం కాయితం పట్టుకుని రౌండుకో గీత గీస్తుంటాడు. ఇచ్చిన టైములో బండ ఎంత దూరం పోయిందో దాన్నిబట్టే ప్రైజు. బరి పొడవు 250 అడుగులు అనుకోండి. ఒక జత 12 రౌండ్లు పూర్తిగా లాగి, ఆపైన 112 అడుగుల 4 అంగుళాలు లాగింది. 12 రౌండ్లకి 3000, మొత్తం 3112 అడుగుల 4 అంగుళాలు. చివరి ముక్కని టేపుతో అంగుళాలదాకా కొలుస్తారు. కానీ గీత ఒక్కటి మర్చిపోతే 250 అడుగులు పోయినట్టే! ఏడాదంతా ఉలవలు పెట్టి మేపిన రైతు ఏమైపోవాలి?

కబడ్డీలో ఈ పని ఇంకా కష్టం. రూలు ప్రకారం ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు అసిస్టెంటు స్కోరర్లు ఉండాలి. స్కోరరు పాయింట్లతోపాటు ఆట మొదలైన టైము, అయిపోయిన టైము కూడా రాస్తాడు. అసిస్టెంట్లు ఎవరు ముందు అవుటయ్యారు, ఎవరు తర్వాత అన్నది వరసగా రాస్తారు. ఎందుకంటే ముందు అవుటైనవాడే ముందు లోపలికి రావాలి. బాగా ఆడేవాణ్ణి ముందు దింపుదామంటే కుదరదు.

అసలు చిక్కంతా బోనస్‌తోనే. ఎదుటి జట్టులో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు, కూతకెళ్ళినవాడు ఒక కాలు బోనస్ గీత అవతల ఆనించి రెండోది గాలిలో ఉంచితే 1 పాయింటు. ఈ పాయింటుకి అవతలివాళ్ళు ఎవరూ అవుట్ కారు, మనవాడు ఎవడూ బతకడు. ఎదుటి జట్టు మొత్తం అవుటైతే లోనా, ఇంకో 2 పాయింట్లు. మధ్యలో ఒక్కడూ బతక్కుండా ఏడుగురూ అవుటైతే 7, లోనా 2, బోనస్‌లు ఓ రెండు, వెరసి 11. పోయింది ఏడుగురే, పాయింట్లు మాత్రం 11. కాబట్టి మనుషుల లెక్క వేరే రాసుకోవాలి.

పోయిన నెల మన క్లాసుల మ్యాచికి నేనే రాశాను. తొందరలో బోనస్‌కి కూడా ఒకణ్ణి లోపలికి పంపించేశా. చివరి కూతలో పట్టేసింది వాడే! వాళ్ళ జట్టు 1 పాయింటుతో గెలిచింది. రాత్రి షీటు మళ్ళీ కూడుకుంటే తప్పు బయటపడింది. చాలాసేపు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పి.ఇ.టి. సారుకి చెప్పేశా. సారు మ్యాచి మళ్ళీ పెట్టించారు. గెలిచినవాళ్ళు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండో మ్యాచికి సారు నన్ను అసిస్టెంటుగా కూర్చోబెట్టి, అవుటైనవాళ్ళ వరస రాయమన్నారు.