భైరవుడి వెంట జాగిలం

సినిమా డైలాగుల్లో కుక్క అంటే తిట్టు. అదే ఫిల్మ్‌నగర్‌లో భైరవుడంటే హీరో పేరు! ‘మగధీర’(2009)లో రామ్‌చరణ్ కాలభైరవ. ‘కల్కి 2898 ఏడీ’(2024)లో ప్రభాస్ భైరవ. 2023లో ఆస్కార్ వేదికమీద ‘నాటు నాటు’ పాడిన ఇద్దరిలో ఒకరు కీరవాణి తనయుడు కాలభైరవ. మరి ఆ స్వామి వాహనం? శునకమే.

మన పెద్దలకు కుక్క మీద చిన్నచూపు లేదు. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవశునకం వచ్చి, తప్పు చేయని తన పిల్లను నీ తమ్ముళ్లు ఎందుకు కొట్టారంటూ జనమేజయుణ్ని నిలదీస్తుంది. చక్రవర్తి దగ్గర జవాబుంటేగా! ఇక మహాప్రస్థానంలో ద్రౌపదీ తమ్ముళ్లూ ఒక్కొక్కరే పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఓ కుక్క. దాన్ని వదిలేసి రమ్మంటే ఆయన ఇంద్రుడి రథమే వద్దన్నాడు. ఋగ్వేదంలో యముడి దారి కాసేవీ సరమ పిల్లలే. నాలుగేసి కళ్లు వాటికి.

ఇలాంటివే ఎక్కడో ఐరోపా పడమటి కొసన కెల్టుల గాథల్లోనూ కనిపిస్తాయి. వేల్స్ కథల్లో పరలోక రాజు అరౌన్ వేటకుక్కలు తెల్లగా మెరుస్తాయి, చెవులు మాత్రం ఎర్రన. ఐర్లండ్ కథ ఇంకా బాగుంటుంది. సెటాంటా అనే పిల్లాడు తనమీదికి దూకిన కావలి కుక్కను చంపేస్తాడు. అది కులన్ అనే కమ్మరిది. ‘దాని పిల్లను పెంచి ఇస్తా, అది ఎదిగేదాకా నీ ఇంటికి నేనే కాపలా’ అంటాడు. అప్పట్నుంచీ అతను కూ హులిన్... అంటే కులన్ జాగిలం. అక్కడ అది బిరుదు! డబ్లిన్ పెద్ద పోస్టాఫీసులో ఆ వీరుడి కంచు విగ్రహం ఉంది.

క్రీ.శ. 800 ప్రాంతంలో రాసిన ‘బుక్ ఆఫ్ కెల్స్’ పుటల్లో జంతువుల ఒళ్లు ముళ్లుముళ్లుగా పెనవేసుకుంటాయి. ఆ అల్లికనే నేటి వడ్రంగులు చెక్కపెట్టెల మీద జాగిలాలుగా చెక్కుతుంటారు.

మరి మన చెక్క మీద? కొండపల్లి అనగానే గుర్తొచ్చేది అంబారీ ఏనుగు, దశావతారాలు. తేలికైన తెల్లపొణికి కర్రతో అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండితో అతికి, రంగులేస్తారు. 2007లో భౌగోళిక గుర్తింపు దక్కినా, ఆ కర్ర దొరకడమే ఇప్పుడు కష్టమైపోయింది. కర్ర లేకపోతే ఏనుగూ లేదు, భైరవుడి జాగిలమూ లేదు. జూబ్లీహిల్స్ డ్రాయింగ్ రూముల్లో మాత్రం ఖరీదైన విదేశీ జాతులు సోఫాలెక్కి దర్జాగా కూర్చుంటున్నాయి. గ్రామసింహాలు గేటు బయటే.