వాడిన నూనె బేరంలో చూడవలసింది రంగు కాదు, ఎఫ్.ఎఫ్.ఏ.

కాకినాడ: హోటళ్ళు, మిఠాయి దుకాణాలు వేపుడుకు వాడి తీసేసిన నూనెకు సబ్బు బట్టీయే గతి అనుకునే రోజులు పోయాయి. పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. డీజిలులో 2030 నాటికి 5 శాతం బయోడీజిల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్రం కూడా అదే ఏడు ప్రకటించింది. దాంతో ఈ సరుకుకు సక్రమమైన గిరాకీ ఏర్పడింది.

రంగు చూసి, కాటా వేసి బేరం ముగించే వర్తకుడు దెబ్బ తినేది ఇక్కడే. మంచి నూనె 100 కిలోలకు సుమారు 11 కిలోల మిథనాల్, కొద్దిపాటి కాస్టిక్ చేరిస్తే స్థూలంగా 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. ఎఫ్.ఎఫ్.ఏ. 2 శాతం దాటితే కాస్టిక్ దానితో కలిసి సబ్బవుతుంది. ఆ సబ్బు కొంత నూనెను కూడా లాక్కుపోతుంది. అటువంటి సరుకును ముందుగా గంధకామ్లంతో శుద్ధి చేయాలి. ఆ ఖర్చు కొనుగోలు ధరలో తగ్గించుకోవలసిందే. తడిసిన గింజల నుంచి తీసిన కానుగ నూనెకూ ఇదే చిక్కు.

వడకట్టిన నూనెను నేరుగా లారీ టాంకులో పోస్తే సరిపోదా అనే వారున్నారు. 1900 పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిన మాట నిజమే. కాని 40 డిగ్రీల వద్ద డీజిలు చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకులు కాగా, వంటనూనెలది సాధారణంగా 30కి పైమాటే. ఇంజెక్టర్లకు మసి కట్టి, రింగులు పట్టేస్తే డీజిలులో ఆదా చేసినదంతా మెకానిక్కుకే పోతుంది.

తయారైన సరుకు నిల్వలోనూ మెలకువ అవసరం. బయోడీజిల్ గాలిలోని తేమను డీజిలు కన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది; ప్రమాణాల ప్రకారం నీరు కిలోకు 500 మిల్లీగ్రాములు మించరాదు. రాగి, ఇత్తడి కుళాయిలు, జింకు పూత డ్రమ్ములు సరుకును త్వరగా పాడుచేస్తాయి. ఉక్కు డ్రమ్ములను నిండుగా నింపి, బిగించి, నీడలో ఉంచాలి. ఆరు నెలలకు మించి ఆపి ధర కోసం ఎదురుచూడడం ఈ సరుకులో పనికిరాదు. పామాయిలుతో చేసినది చలికాలంలో పేరుకుంటుంది కనుక ఏజెన్సీ వైపు పంపేవారు ముందే చూసుకోవాలి.

దళారులు తెచ్చే శాంపిలు సాధారణంగా డ్రమ్ము పైభాగం నుంచి తీసినదే. నీరు, మడ్డి ఉండేది అడుగున. గొట్టం అడుగుదాకా దింపి తీయించి, ఆమ్ల పరీక్ష చేయించిన తరువాతే అడ్వాన్సు ఇవ్వాలి.