మీకు తెలుసా? కాళ్లు మారితే పోరే మారుతుంది
భారీ యుద్ధయంత్రాన్ని ఆటగాడే విడిభాగాలతో కూర్చి నడిపే వీడియో గేముల్లో బాగా పేరున్నది ‘ఆర్మర్డ్ కోర్’. జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ దీన్ని 1997లో ప్లేస్టేషన్ కోసం తెచ్చింది. ఆరో భాగం 2023 ఆగస్టు 25న వచ్చింది. తల, మొండెం, చేతులు, జనరేటర్, బూస్టర్, తుపాకులు అన్నీ మార్చుకోవచ్చు. అసలు కిటుకంతా కాళ్లలోనే ఉంది. నాలుగుకాళ్ల యంత్రం గాల్లో నిలబడి కాల్చగలదు. ట్యాంకు పట్టాలున్నది బండెడు బరువు మోస్తుంది. అయితే భాగాలన్నీ కలిసి జనరేటర్ ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ శక్తి అడిగితే యంత్రం గడప దాటదు. తడ దగ్గరి పులికాట్ సరస్సు అవతల, శ్రీహరికోటలో నిజంగానే ఇలాంటి కూర్పు జరుగుతుంది: పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మోయాల్సిన బరువును బట్టి పక్క మోటార్లు లేకుండానో, రెండు, నాలుగు లేదా ఆరింటితోనో ఎగురుతుంది.