ట్యాంకర్ సీటుకు మూడు రోజుల చదువు

మా చిన్నాన్న కొడుకు బీఎస్సీ పూర్తి చేశాక తిరుపతిలో బ్యాంకు కోచింగ్‌కు వెళ్లాడు. శ్రీసిటీలో ఆరు నెలలు కాంట్రాక్టు పని చేశాడు. రెండూ కలిసిరాలేదు. రెండేళ్ల కిందట ఒకరోజు ఫోన్ చేసి, ‘అన్నా, నేను ట్యాంకర్ తోలాలనుకుంటా ఉండా. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు, నువ్వు చెప్పు’ అన్నాడు. చెప్పాను. చిన్నాన్న రెండు దినాలు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఆయనే ఫోన్ చేశాడు. ‘సరేలే, దానికేమన్నా పరీక్ష ఉంటాదా?’

ఉంటుంది. ఎలా చదవాలో చెప్పే పని నా మీద పడింది. నేను మెకానికల్ బీటెక్, రాసేది ఫోన్ల గురించీ యాప్‌ల గురించీ. గంటసేపు నెట్‌లో వెతికితే అయిపోతుందనుకున్నా. కాలేదు. డ్రైవింగ్ స్కూలు దగ్గరా, టీ అంగళ్ల దగ్గరా చాలామందిని అడగాల్సి వచ్చింది.

మొదట తెలిసిన సంగతి: మన దేశంలో ట్యాంకర్‌కంటూ విడిగా లైసెన్సు లేదు. అమెరికాలో ద్రవాలు మోసే ట్యాంకుకు ఒక ఎండార్స్‌మెంట్, ప్రమాదకర సరుకుకు మరొకటి ఉంటాయి. మనకు ఉన్నది రెండోది మాత్రమే. చిత్తూరు వాళ్లకు ట్యాంకరంటే ముందు గుర్తొచ్చేది పాల ట్యాంకరు. దానికి హెవీ లైసెన్సు చాలు. అదే సైజు బండిలో పెట్రోలు, డీజిల్, గ్యాస్, యాసిడ్ లాంటివి ఉంటే మాత్రం లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ ఉండి తీరాలి.

ముందు కారు లైసెన్సు

ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. అంతకుముందే లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చేతిలో కనీసం ఏడాది ఉండాలి. మావాడి దగ్గర బైక్ లైసెన్సు తప్ప వేరేది లేదు. అక్కడే ఏడాది పోయింది. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ ఒక్క పనైనా ఇప్పుడే చేసుకోండి. తర్వాత ట్యాంకర్ వద్దనుకున్నా కారు లైసెన్సు ఎక్కడికీ పోదు.

ఆ తర్వాత హెవీ శిక్షణ, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్, వైద్య పరీక్ష, టెస్టు. హెవీ లైసెన్సు వచ్చాక అసలు కోర్సు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో తొమ్మిదో నిబంధన దీని గురించే. రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలో మూడు రోజుల శిక్షణ పొంది పాసవ్వాలి. మొదటి రెండు రోజులు జాగ్రత్తగా బండి నడపడం, మూడో రోజు సరుకు గురించి. సర్టిఫికెట్ వచ్చాక పరివాహన్ సారథి పోర్టల్‌లో ఎండార్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణ తర్వాత ఇలాంటి లైసెన్సు గడువు ఏడాది నుంచి మూడేళ్లకు పెరిగింది.

అదే నిబంధనలో ఇంకో షరతు ఉంది. డ్రైవర్‌కు ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లిష్ కూడా చదవడం, రాయడం రావాలి. మామూలు లారీకి ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నియమాన్ని 2019లోనే తీసేశారు, ఇది మాత్రం అలాగే ఉంది. డిగ్రీ చదివి స్టీరింగ్ పట్టడమేంటని అడిగేవాళ్లకు మావాడు ఈ వాక్యమే చూపిస్తాడు.

మధ్యలో ఒక ఏజెంటు తగిలాడు. ‘మూడు దినాలు ఎందుకబ్బా కూర్చునేది, ఆధార్ జిరాక్స్ ఇచ్చిపో, సర్టిఫికెట్ ఇంటికే వస్తాది’ అన్నాడు. మావాడు కాస్త ఊగాడు, అబద్ధమెందుకు, నేనూ ఊగాను. సరైన ఎండార్స్‌మెంట్ లేదన్న కారణం చూపించి పరిహారం కట్టబోమని బీమా కంపెనీలు కోర్టుకెళ్లిన కేసులు చదివాక ఆగాం. ఆ రాత్రే కన్నూరు దగ్గర చాలలో జరిగిన ప్రమాదం గురించీ చదివాం. 2012 ఆగస్టు 27న అక్కడ గ్యాస్ ట్యాంకర్ డివైడర్‌ను ఢీకొని బోల్తా పడింది. 20 మంది చనిపోయారు. ఏజెంటు మాట మళ్లీ రాలేదు.

3వైఈ అంటే ఏంటి?

మూడో రోజు సిలబస్‌లో అందరూ తడబడేది ట్యాంకర్ వెనకా పక్కలా ఉండే ప్యానెల్ దగ్గరే. బట్టీ పట్టకండి, అర్థం చేసుకుంటే అరగంట పని. పెట్రోలు బండి మీద 1203 అని ఉంటుంది. అది ఆ సరుకుకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు. ప్రమాదకర సరుకులన్నిటినీ తొమ్మిది తరగతులుగా విడగొట్టారు. పెట్రోలు మూడో తరగతి, అంటే మండే ద్రవం. పక్కనే 3వైఈ అన్న హాజ్‌కెమ్ కోడ్. 3 అంటే మంటను నురగతో ఆర్పాలి. వై చెప్పేవాటిలో ముఖ్యమైనది, ఒలికిన సరుకును నీళ్లతో కడిగేయకూడదు, కాలువలోకి పోకుండా అడ్డుకట్ట వేయాలి. ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే విషయం ఆలోచించాలి. బావులు, చెరువులు, నదులను కాపాడటం కూడా సిలబస్‌లో ఉంది. చెరువు నీళ్ల విలువ మన సీమవాళ్లకు వేరేగా చెప్పాలా?

జనాన్ని దూరంగా ఉంచడం ఎంత పెద్ద పనో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర తెలిసింది. 2017 జూన్‌లో అక్కడ బోల్తా పడిన ట్యాంకర్ దగ్గరికి పెట్రోలు పట్టుకోవడానికి జనం ఎగబడ్డారు. నిప్పంటుకుని 200 మందికి పైగా పోయారు.

క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు ఉంటుంది. ఏ సరుకు, ఒలికితే ఏం చేయాలి, ఒంటిమీద పడితే ఏం చేయాలి అన్నీ అందులో ఉంటాయి. ప్రమాదం జరిగితే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెంటనే చెప్పడం డ్రైవర్ బాధ్యత. బండి ఆపినప్పుడు కూడా డ్రైవరో, 18 ఏళ్లు దాటిన తెలిసిన మనిషో దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. అంటే క్లీనర్, డ్రైవర్ ఇద్దరూ కలిసి టీ తాగడానికి పోకూడదు.

ఇక లెక్కలు. 12 వేల లీటర్ల పెట్రోలు దాదాపు 9 టన్నులు. ఎండకు పది డిగ్రీలు వేడెక్కితే అది సుమారు 110 లీటర్లు పెరుగుతుంది. ట్యాంకు పైన ఖాళీ వదిలేది అందుకే. దించేశాక ఖాళీ ట్యాంకు కదా అని బీడీ ముట్టించేవాళ్లున్నారు. లోపల మిగిలేది ఆవిరి, మండేది అదే.

సిలబస్‌లో పేరుకే ఉన్నట్టు కనిపించే అంశం, వాలులో బండి నడపడం. దీన్ని మావాడు పుస్తకంలో నేర్చుకోలేదు. తెలిసిన పెద్దాయన ఒకరు పాల ట్యాంకర్ తోలుతారు. వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒకరోజు నేనూ ఎక్కాను. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతున్నాం, ట్యాంకు నిండా లేదు. చిన్నగా బ్రేకు పడింది. ఒక క్షణం తర్వాత వెనక నుంచి ఎవరో తోసినట్టయింది. పాలు ముందుకొచ్చి తగిలాయి. బిందె నిండా నీళ్లుంటే తొణకవు, సగముంటే నడుము మీద నిలవదు. ఇదీ అంతే. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో నాకొచ్చిన మార్కులు ఇక్కడ రాయను కానీ, ఆ చాప్టర్ నాకు అర్థమైంది ఆ మలుపులోనే. పెద్దాయన వాలు మొదలవకముందే గేరు తగ్గించేశారు. ‘దిగేటప్పుడు గేరే బ్రేకు నాయనా. కాలు పెట్టుకునే ఉంటే డ్రమ్ములు కాల్తాయి, అవసరానికి బ్రేకు ఉండదు’ అన్నారు.

ఉద్యోగంలో చేరేముందు ట్రాన్స్‌పోర్టర్‌ను అడగాల్సినవీ ఉన్నాయి. రెండో డ్రైవర్ ఉంటాడా, పీఎఫ్ కడతారా, ట్రిప్పు లెక్కా నెల జీతమా? చట్టం ప్రకారం పని సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48. రోడ్డు మీద అందరూ పాటించరు. అయినా అడిగితే ఎదుటివాళ్లు ఎలాంటివాళ్లో తెలుస్తుంది.

మావాడికి హెవీ వచ్చింది, వచ్చే నెలలో కోర్సు. చిన్నాన్న ఇప్పుడు రోడ్డు మీద ట్యాంకర్ కనబడితే చాలు ఫోన్ చేస్తున్నాడు. మొన్న చిత్తూరు బస్టాండ్ దగ్గర్నుంచి, ‘1202 అని ఉండాది, ఏందది?’ అన్నాడు. డీజిల్ అని చెప్పబోతుంటే వెనక నుంచి వాడి గొంతు ముందే వినిపించింది.