పాత యింజనా, కొత్త యింజనా?

అమెరికాలో వున్న మా మేనల్లుడికి తన పాతకారులో బలమైన యింజను పెట్టించాలని సరదా పుట్టింది. “మామయ్యా, పాతది కొననా, కొత్తది కొననా?” అన్నాడు. తెలుగు పంతులును నేనేం చెప్పను? అయినా విచారించాను.

1997లో కార్వెట్ కారుతో వచ్చిన ఎల్‌.ఎస్‌.1 యింజను 5.7 లీటర్లది, 345 అశ్వశక్తి. దెబ్బతిన్న కార్లనుంచి వూడదీసినవి చవకే. కాని అరుగుదల పైకి కనపడదు. ప్రతి సిలిండరులోనూ కంప్రెషన్ కొలిపించాలి; ఒకదానిలో బాగా తగ్గితే బేరం మానుకోవాలి. కొత్తదానికి ఖరీదెక్కువ, గ్యారంటీ వుంటుంది. వైర్లు, కంప్యూటరు తరచు విడిగా కొనుక్కోవాలి.

ఏది కొన్నా బ్రేకులకు సొమ్ము మిగలాలి. పరుగు పెంచి, ఆపే శక్తి పెంచకపోతే ఆలుబిడ్డల ప్రాణాలకే ముప్పు. అందుకే, “పరీక్షకు నిలిచిన పాతదే కొను, మిగిలింది బ్రేకులకు పెట్టు” అన్నాను.