గండికోట నీళ్ల మీద షికారు

గండికోట కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర ఉంది. ఎర్రమల కొండల నడుమ పెన్నానది పారుతుంది. కొండలు చీల్చుకుని నది పారే చోటును గండి అంటారు. ఆ గండి పక్కన కట్టిన కోట గండికోట. ఈ కోటను పెమ్మసాని నాయకులు ఏలారు. కోటలో మాధవరాయస్వామి గుడి ఉంది. జామా మసీదు ఉంది. ధాన్యం దాచిన పెద్ద కొట్టు కూడా ఉంది.

కోట పాతది. నీళ్లు కొత్తవి. పెన్నా మీద గండికోట జలాశయం కట్టారు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు కాలువల గుండా ఇక్కడికి వస్తాయి. దీనిలో 26.85 టీఎంసీల నీళ్లు పడతాయి. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. కింద మైలవరం జలాశయం ఉంది.

కోట చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఇక్కడ పడవ షికారు నడిపారు. కయాకింగు కూడా నడిపారు. కయాకింగు అంటే ఒకరో ఇద్దరో సన్నటి పడవలో కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోవడం. ఇప్పుడు కొన్ని దేశాల్లో చెరువుల మీద గాలి ఆటలు కూడా వచ్చాయి. మందమైన రబ్బరులాంటి గుడ్డతో మెత్తటి బల్లలు, మెట్లు, జారుడు బండలు చేస్తారు. వాటిలో గాలి కొడతారు. నీటి మీద పరిచి, కొట్టుకుపోకుండా అడుగున బరువులకు తాళ్లతో కడతారు. జనం వాటి మీద ఎక్కుతారు, దూకుతారు, జారి నీళ్లలో పడతారు.

గాలి నింపిన వస్తువు ఎందుకు తేలుతుంది?

ఇది మీకు తెలిసిన సంగతే. ఖాళీ బిందెను నీళ్లలో పెట్టండి, తేలుతుంది. చేత్తో కిందికి అదమండి. నీళ్లు దాన్ని పైకి నెడతాయి. అదే బిందె నిండితే మునుగుతుంది. బిందె మారలేదు. లోపల గాలి పోయి నీళ్లు చేరాయి, అంతే. ఒక వస్తువు ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత చోటు నీటి బరువుతో నీళ్లు దాన్ని పైకి నెడతాయి. వస్తువు ఆ బరువు కన్నా తేలికైతే తేలుతుంది.

మన పెద్దవాళ్లకు ఈ ఉపాయం ఎప్పుడో తెలుసు. బావిలో ఈత నేర్చుకునే పిల్లవాడి నడుముకు ఎండిన సొరబుర్ర కట్టేవారు. లేకపోతే బెండు కట్టేవారు. తర్వాత లారీ ట్యూబు వచ్చింది. లైఫ్ జాకెట్ కూడా అలాంటిదే. జాకెట్ లోపల తేలికైన బెండులాంటి స్పాంజి ఉంటుంది. దాని నిండా చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. ముల్లు గుచ్చుకుంటే ట్యూబులో గాలంతా పోతుంది. జాకెట్ తేలుతూనే ఉంటుంది. ట్యూబు చేయి జారిపోవచ్చు. జాకెట్ ఒంటికి కట్టి ఉంటుంది. అందుకే ట్యూబును నమ్మి లోతుకు పోకూడదు.

నీళ్లు వచ్చాయి, ఈత పోయింది

వెనక మన ఊళ్లలో దిగుడు బావులు ఉండేవి. మగపిల్లలు వాటిలో ఈత నేర్చారు. ఆడపిల్లలకు చాలా ఇళ్లలో నేర్పలేదు. బోర్లు వచ్చాక ఎన్నో బావులు ఎండిపోయాయి. మగపిల్లలకు కూడా ఈత రాకుండా పోయింది. ఇప్పుడేమో కరువు నేలకు లోతైన నీళ్లు వచ్చాయి. ఈత రాని మనుషుల పక్కన నీళ్లు నిలిచాయి.

ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ జలాశయంలో ఊళ్లు మునిగాయి. తాళ్లప్రొద్దుటూరు జనం 2020లో ఊరు వదిలి వెళ్లారు. నీటి అడుగున పాత బావులు, గోడలు ఉండవచ్చు. ఒడ్డున మోకాలి లోతే ఉంటుంది. ఇంకో అడుగు వేస్తే మనిషి లోతు రావచ్చు. కాబట్టి బట్టలు ఉతకడానికి పోయినా, పిల్లలు ఆడుకోవడానికి పోయినా జాగ్రత్త కావాలి.

కచ్చులూరు చెప్పిన పాఠం

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి జనం పడవలో వెళ్లారు. గోదావరి వరద మీద ఉంది. కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. పడవలో 77 మంది ఉన్నారు. 26 మంది బతికారు. లైఫ్ జాకెట్ వేసుకున్నందువల్లే బతికామని కొందరు చెప్పారు. జాకెట్ పడవలో ఉంటే చాలదు. ఒంటి మీద ఉండాలి.

పొదుపు సంఘం ఆడవాళ్లు షికారుకు వెళ్లారనుకోండి. చీర మీద ఆ జాకెట్ ఏం బాగుంటుందని సిగ్గుపడతారు. ఉక్కపోస్తుందని తీసేస్తారు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుందని, కాళ్లు ఆడనివ్వదని మరచిపోతారు. సిగ్గు కన్నా ప్రాణం పెద్దది కదా!

పడవ ఎక్కే ముందు ఏం చూడాలి?

1. పడవ మీద ఎంతమంది ఎక్కాలో రాసి ఉంటుంది. అది చదవండి. రాసి లేకపోతే అడగండి. అంతకన్నా ఎక్కువమంది ఎక్కితే మీరు దిగిపోండి. టికెట్టు డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

2. జాకెట్ బకిళ్లన్నీ పెట్టుకోండి. పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా వస్తే అది వదులు. చిన్నది అడిగి తీసుకోండి. పిల్లలకు పిల్లల జాకెట్టే వేయాలి.

3. కొంగు బిగించి దోపుకోండి. పడవలో లేచి నిలబడకండి. అందరూ ఒకే పక్కకు జరగకండి.

4. గాలివాన వచ్చేలా ఉంటే, నీళ్లు జోరుగా పారుతుంటే ఎక్కకండి.

ఎవరైనా నీళ్లలో పడితే?

ఒకరు మునుగుతుంటే కాపాడాలని ఇంకొకరు దూకుతారు. ఇద్దరూ పోతారు. ఇలాంటి కబుర్లు ఎన్నో విన్నాం. మునిగే మనిషి భయంతో దొరికినవాళ్లను గట్టిగా పట్టుకుంటాడు. అందుకని ఈత రానివాళ్లు దిగకూడదు. గట్టిగా కేకలు వేయండి. ఒడ్డున పడుకుని కర్ర అందించండి. తాడు లేకపోతే చీర విసరండి. మూత బిగించిన ఖాళీ క్యాను విసిరినా పట్టుకుని తేలవచ్చు.

బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పకండి. పొట్ట నొక్కకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే నోట్లో నోరు పెట్టి ఊదాలి. రొమ్ము నడుమ గట్టిగా, వేగంగా నొక్కాలి. ఈ పని ముందే నేర్చుకోవాలి. మీ ఊరి ఆరోగ్య కార్యకర్తను అడగండి.

ప్రపంచంలో ఏటా సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోతున్నారు. వాళ్లలో పిల్లలు చాలామంది. అందుకే ఐక్యరాజ్య సమితి 2021లో జూలై 25ను మునక చావుల నివారణ దినంగా ప్రకటించింది.

గండికోటకు వెళ్లండి. కోట చూడండి, పడవ ఎక్కండి. ఆ సంతోషం మగవాళ్లకే కాదు, మనకూ కావాలి. ఇంటికి వచ్చాక ఆడపిల్లలకు కూడా ఈత నేర్పించే దారి చూడండి.

మాట్లాడుకోండి

మీ ఊరికి దగ్గరలో లోతు నీళ్లు ఎక్కడ ఉన్నాయి? అక్కడ హెచ్చరిక బోర్డు ఉందా? లేకపోతే పంచాయతీకి అర్జీ ఎవరు రాస్తారు?