పాత జీపు క్లచ్చి: ఇంటి ఆవరణలోనే మార్చుకొనుట



మీ పాత జీపు ఊరి బండ్లబాటలో ఏ చిక్కు లేకుండ నడచుచుండవచ్చును. దానినే ఒక సాయంకాలము నారాయణగూడ నుండి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్సు వైపు నడిపి చూడుడు. కదలుట, ఆగుట, మరల కదలుట. ఎడమకాలు పెడలును విడువదు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుచున్న కుమారుని గది చేరునప్పటికి మాడిన వాసన వచ్చును. ఇంజను అరచును గాని బండికి ఊపు రాదు. క్లచ్చి జారుచున్నదన్నమాట.

మన పల్లెలకు జీపు క్రొత్త కాదు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన తరువాత బ్లాకు అధికారులు వచ్చినది ఈ బండ్లలోనే. వాటి కట్టుబడి సూటిది. పనిముట్లు, సమతలమైన గచ్చు, ఓపికగల మరి ఇద్దరు మనుషులు ఉన్నచో ఈ పని ఇంటివద్ద సాధ్యమే.

అయితే విప్పుటకు ముందు పెడలును చేతితో నొక్కి చూడుడు. చాలా పాత జీపులలో సుమారు 1 అంగుళము వదులు ఉండవలెను. వదులు లేనిచో క్లచ్చి పూర్తిగా పట్టదు. ప్లేటు బాగున్నను జారును. లింకు సరిచేసినంతనే బాగుపడిన బండ్లు కలవు. పాపము, వాటికి కూడ క్రొత్త ప్లేట్లు కొన్నవారున్నారు.

బ్యాటరీ తీగ తీసివేయుడు. చక్రములకు ముందు వెనుకల అడ్డుదుంగలు పెట్టుడు. జీపు ఎత్తవలసివచ్చినచో జాకీ ఒక్కదానినే నమ్మి క్రింద దూరవద్దు. గట్టి స్టాండ్లు తప్పనిసరి. ఇటుకలు పనికిరావు, పగిలిపోవును.

లోపలినుండి నేలరేకు మూత, గేరు కడ్డీలు తీయుడు. క్రిందినుండి ముందు, వెనుక ప్రొపెల్లరు షాఫ్టులు, స్పీడోమీటరు తీగ, క్లచ్చి లింకు విప్పుడు. కొన్ని పాత జీపులలో చేతిబ్రేకు ట్రాన్స్‌ఫరు కేసు వెనుకనే ఉండును. దాని తీగ మరువవద్దు. ఇంజను క్రింద చెక్కదిమ్మ వేసి జాకీతో ఆనించిన పిమ్మటనే అడ్డపట్టీ బోల్టులు వదల్చుడు. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫరు కేసు కలిసి దిగును. అది ఒక్కరు మోయదగిన బరువు కాదు. దానిని తిన్నగా వెనుకకు లాగుడు. బరువు షాఫ్టుపై వ్రేలాడినచో ప్లేటు నడిబొడ్డు వంగిపోవును.

బయటపడిన దుమ్మును నోటితో గాని గాలిపంపుతో గాని ఊదరాదు. పాత లైనింగులో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్ల తరువాత ప్రాణాంతకమైన వ్యాధులు తెచ్చును. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టుడు. పిల్లలను దగ్గరకు రానీయకుడు.

ప్రెషరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదల్చుడు. ఒకే ప్రక్క విప్పినచో అది వంకరపోవును. ఫ్లైవీలుపై రివెట్ల గాళ్ళు, నీలిమచ్చలు, పగుళ్ళు ఉన్నచో లేతుపని చేయించవలెను. ప్లేటు నూనెతో తడిసియున్నచో ఆ నూనె ఎక్కడిదో కనుగొని సీలు మార్చనిదే క్రొత్తది బిగించుట వృథా. రిలీజు బేరింగు, క్రాంకు చివరనున్న చిన్న పైలటు బుష్షు కూడ ఈసారే మార్చుడు. వాటి వెల స్వల్పము; మరల గేరుబాక్సు దింపుట స్వల్పము కాదు.

పాత ప్లేటును వెంట తీసుకొని సికింద్రాబాదు రాణిగంజ్‌లోని విడిభాగముల దుకాణములకు వెళ్ళుడు. వ్యాసము, నడిబొడ్డు పళ్ళ సంఖ్య మీరే సరిచూచుకొనుడు. అమ్మేవాడు “ఇదే పట్టును” అన్నంతమాత్రమున డబ్బు ఇవ్వకుడు.

సాధారణముగా స్ప్రింగులు పొంగియున్న ప్రక్క గేరుబాక్సు వైపు ఉండవలెను. పాత గేరుబాక్సు షాఫ్టు ముక్క గాని, సరిగా చిత్రికపట్టిన కర్ర గాని దూర్చి ప్లేటును నడిమికి తెచ్చి, బోల్టులను ఎదురెదురుగా బిగించుడు. గేరుబాక్సు చివరి అర అంగుళము రాకున్నచో బోల్టులతో లాగవద్దు. షాఫ్టును కొంచెము త్రిప్పినచో పళ్ళు కలియును. ఇక్కడ తొందరపడి గేరుబాక్సు చెవులు విరుగగొట్టుకొనువారే ఎక్కువ.

నూనె పోసి, పెడలు వదులు సరిచేసి, మొదటి కొన్ని దినములు ట్రాలీ కట్టక నడుపుడు. లైనింగు సర్దుకొనిన తరువాత వదులు మరల కొలువుడు. చిక్కడపల్లి సిగ్నలువద్ద గేరు తీసి, కాలు పెడలుమీదినుండి దింపుడు.